ఇనుప కాళ్ల కింద తాబేలు

ఈ సంగతి నేను ఇప్పటికి నాలుగైదు సార్లు చెప్పి ఉంటాను. ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. నా రిటైర్మెంట్ రోజున చెప్తే అందరూ నవ్వారు. ఇంట్లో మా ఆవిడకి చెప్తే ఆవిడ కళ్లు తుడుచుకుంది. మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు వచ్చి, "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని పని ఒకటి రాసివ్వండి, మాకు పనికొస్తుంది" అన్నారు. పనికొస్తుందో లేదో నాకు తెలియదు. ఇందులో నేను సరిగ్గా చేసింది ఒకటుంది, తప్పుగా చేసింది ఒకటుంది. రెండూ ఒకే సాయంత్రం, గంటన్నర తేడాలో జరిగాయి. మొదటిది చేసినవాడూ రెండోది చేసినవాడూ ఒకడేనా అని ఇప్పటికీ నాకు అనుమానం.

మాది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. ఉద్యోగం వచ్చి విశాఖపట్నంలో దిగేనాటికి సముద్రం గురించి నాకు తెలిసిందల్లా ఒడ్డున కూర్చుని ముంత మసాలా తినడం. అలాంటివాణ్ణి చేపల వ్యవహారాలు చూసే సర్కారు ఆఫీసులో వేశారు. మల్కాపురంలో అద్దెకుండేవాణ్ణి. పొద్దున్నే బస్సెక్కి ఫిషింగ్ హార్బరుకి పోవడం, ఏ బోటు ఏ చేప ఎంత తెచ్చిందో రాసుకోవడం, మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని దాన్నే ఇంకో పుస్తకంలోకి ఎక్కించడం. పదిహేనేళ్లు ఇదే పని. చచ్చిన చేపని చూపిస్తే దాని ఊరూ పేరూ చెప్పేవాణ్ణి. బతికున్నవాటితో నాకు పరిచయం తక్కువ.

తొంభైల చివర్లో ఒక మాఘమాసంలో మా ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. పోర్టు నుంచి ఓడల్ని లాగే టగ్గు బోటులో దక్షిణంగా రెండు గంటలు పోతే సముద్రం మధ్య ఒక ఇనుప కట్టడం ఉండేది. ఎప్పుడో చమురు కోసం తవ్వి, చాలినంత దొరక్క వదిలేసింది. నాలుగు ఇనుప కాళ్లు, పైన తుప్పు పట్టిన వేదిక, దాని నిండా పక్షుల రెట్ట. అది ఓడలకి అడ్డమని తీసేయాలనుకున్నారు. కాళ్ల లోపలికి, సముద్రం అడుక్కి కాస్త కిందగా మందు దించి పేలిస్తే నాలుగు కాళ్లూ తెగుతాయి. పెద్ద క్రేను ఉన్న బార్జి వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది. చిక్కల్లా ఒకటే. అది తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం. నీళ్లలో పేలుడు జరిగితే దగ్గర్లో ఉన్న తాబేలుకీ డాల్ఫినుకీ లోపల అవయవాలు చితికిపోతాయట. అందుకని సర్కారు తరఫున ఒక మనిషి అక్కడ నిలబడి, చుట్టూ అర మైలులో ఏ జంతువూ లేదని చూసి, "క్లియర్" అని చెప్పాలి. ఆ మాట వినేదాకా పేల్చకూడదు.

మా ఆఫీసులో మొదటి ఆయనకి షుగరు. రెండో ఆయన కూతురి పరీక్షలని సెలవు పెట్టాడు. మూడో ఆయన తెలివైనవాడు. మిగిలింది నేను.

నా చేతికి ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. అది వేరే దేశంలో, వేరే సముద్రం కోసం ఎవరో రాసింది. బస్సులో వెళ్తూ వస్తూ రాత్రీ పగలూ చదివి బట్టీ పట్టాను. అందులో నాకు అర్థమైనవి మూడు. ఒకటి, పేల్చే ముందు అరగంట పాటు ఏ జంతువూ కనపడకూడదు. కనపడితే మళ్లీ మొదట్నుంచి అరగంట. రెండు, అసలు పేలుడుకి ముందు చిన్న మందు ఒకటి పేల్చాలి. ఆ చప్పుడికి జంతువులు భయపడి దూరంగా పోతాయి. మూడు, అంతా అయ్యాక చివరి పేజీ నింపి సంతకం పెట్టాలి. అందులో రెండే గడులు. "ప్రాణంతో వదిలినవి", "చనిపోయినవి".

టగ్గు మీద మేం ముఖ్యంగా నలుగురం. కంపెనీ తరఫు ఇంజనీరు గారు, మర్యాదస్తుడు, ఎప్పుడూ గడియారం చూసుకుంటూ ఉండేవారు. మందు పేల్చే మనిషి మా మల్కాపురం వాడే. అంతకుముందు హార్బర్లో రాళ్లు పేల్చేవాడట. పరిచయమైన పావుగంటకే నన్ను "బావా" అనడం మొదలుపెట్టాడు. నాలుగోవాడు ఒక జాలరి పెద్దాయన. ఆ చుట్టుపక్కల పల్లె మనిషి. నీళ్లలో జంతువుల్ని గుర్తుపట్టడానికి రోజు కూలికి పెట్టుకున్నారు. యాభై దాటిన వయసు, బక్కపల్చటి మనిషి, కుడి చేతికి రెండు వేళ్లు లేవు.

మొదటి రెండు రోజులూ ఊరికే చూడటమే పని. బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, నిమ్మకాయ వాసన చూస్తూ, వాంతులు చేసుకుంటూ చూశాను. మొదటి రోజు గొప్పగా "తాబేలు, తాబేలు" అని అరిచి అందర్నీ పిలిచాను. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"అది కొబ్బరికాయ బాబూ," అన్నాడు. "ఎవులో మొక్కు తీర్సుకుని ఇసిరీసినట్టున్నారు."

ఆ పూట నుంచి పేల్చే బావ నన్ను చూసినప్పుడల్లా "కొబ్బరికాయ ఎటెల్తంది బావా" అని అడిగేవాడు. నాకేమో నిజంగానే ఏది అలో, ఏది దుంగో, ఏది ప్రాణమో తేలేది కాదు. ఎంతసేపు చూసినా నీళ్లు నీళ్లలాగే ఉండేవి. పెద్దాయన మాత్రం బైనాక్యులర్స్ లేకుండానే, బీడీ కాల్చుకుంటూ, "అల్లదిగో" అనేవాడు. నేను తిప్పి చూసేసరికి ఒక చిన్న తల నీళ్లలోంచి లేచి, ఊపిరి పీల్చి, మునిగిపోయేది.

ఆయన మాట నమ్మాలా వద్దా అన్నది ఇంకో తికమక. ఆ ఇనుప కాళ్లకి ఆల్చిప్పలూ నాచూ పట్టి, దాని చుట్టూ చేపలు గుంపులు గుంపులుగా తిరిగేవి. ఆయన పల్లె మొత్తానికి అది మంచి వేట. అది పోతే వాళ్లకి నష్టం. అందుకని ఆయన ఏం చెప్పినా ఇంజనీరు గారు నా చెవిలో, "డిలే చేయించాలని చూస్తున్నాడండీ, జాగ్రత్త" అనేవారు. ఒకసారి నేనే పెద్దాయన్ని అడిగేశాను.

"అవును బాబూ, నట్టమే," అన్నాడాయన దాచకుండా. "ఆ కాళ్లు పోతే మా సుట్టుపక్కలోళ్లందరికీ నట్టమే. గాని అది ఏరు, ఇది ఏరు."

మూడో రోజు పేల్చే రోజు. పొద్దున్నుంచి కాళ్లలోకి మందు దించారు. అది దించాక రాత్రంతా అలా వదలకూడదు, వెలుతురుండగానే పేల్చేయాలి. మధ్యాహ్నం మూడింటికి అన్నీ సిద్ధం. అరగంట చూశాను. ఏమీ కనపడలేదు. ఇక చిన్న మందు పేల్చాలి. అప్పుడు పెద్దాయన నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"సిన్నది వొద్దు బాబూ. పేలిస్తే పెద్దదే పేల్సీండి."

"రూల్లో ఉంది పెద్దాయనా. చప్పుడికి పారిపోతాయి."

"మీ రూలు రాసినోళ్ల సముద్రంలో పారిపోతాయేమో. ఇక్కడ తూటా సప్పుడైతే వత్తారు."

"ఎవరొస్తారు?"

ఆయన ఆ రెండు వేళ్లు లేని చేతిని లుంగీ మడతలో పెట్టుకుని అటు తిరిగాడు. నేను ఇంజనీరు గారి వైపు చూశాను. ఆయన "చెప్పానా" అన్నట్టు తలాడించారు. కాగితంలో ఉంది కదా అని నేను సరేనన్నాను.

చిన్న మందు పేలింది. పెద్ద చప్పుడేం కాదు, డబ్బా మూత ఎగిరినట్టు. రెండు నిమిషాల్లో నీళ్ల మీద తెల్లగా చేపలు తేలడం మొదలయ్యాయి. కవళ్లు, కానాగంతలు, పారలు. కాళ్ల చుట్టూ ఉన్న గుంపుకి స్పృహ తప్పి, పొట్టలు పైకి పెట్టి వందలకొద్దీ తేలాయి. ఇది ఏ పేజీలోనూ లేదు. నేను ఇంకా ఆ చేపల్నే చూస్తుండగా ఉత్తరం వైపు నుంచి మోటారు చప్పుడు వినిపించింది. తర్వాత పడమర నుంచి. తర్వాత అన్ని వైపుల నుంచీ. ఫైబర్ బోట్లు, తెప్పలు, ఎక్కడ దాక్కున్నాయో తెలియదు, ముక్కులు పైకెత్తి మా మీదికే వస్తున్నాయి.

అప్పుడు పేల్చే బావ నాకు అసలు సంగతి చెప్పాడు. ఆ తీరంలో కొందరు దొంగచాటుగా తూటా వేసి చేపలు పడతారు. నీళ్లలో తూటా పేలిన చప్పుడు ఎక్కడ వినిపించినా, వేసినవాడు ఏరుకోగా మిగిలింది ఎవరైనా ఏరుకోవచ్చు. ఆ చప్పుడంటే అందరికీ భోజనానికి పిలుపు.

"పెద్దాయన వేళ్లెలా పోయాయనుకున్నావ్ బావా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఆ పనిలోనే. అందికే నోరు ఇప్పలేక సత్తన్నాడు."

నాకు సిగ్గేసింది. ఆయన తన సిగ్గు చంపుకుని చెప్పగలిగినంత చెప్పాడు. నేను విన్నది కాగితం మాట.

టగ్గు మైకులో అరిచి, జెండాలు ఊపి, బోట్లని అర మైలు అవతల నిలబెట్టాం. వాళ్లు అక్కణ్నుంచి చేపల్ని చూసి మమ్మల్ని తిడుతున్నారు. సరే, ఇక అరగంట మొదలు పెడదామని గడియారం చూసుకున్నాను. పది నిమిషాలు కాకముందే పెద్దాయన తూర్పుకి చెయ్యి చూపించాడు. నీళ్లు చీల్చుకుంటూ నల్లటి వీపులు. డాల్ఫిన్లు. మొదట ఆరు, తర్వాత పదిదాకా. అవి కూడా ఆ చప్పుడు నేర్చుకున్నట్టున్నాయి. నేరుగా ఇనుప కాళ్ల మధ్యకి వచ్చి తేలిన చేపల్ని తినడం మొదలుపెట్టాయి.

వాటిని తరమడానికి మేం చెయ్యని పని లేదు. హారన్ కొట్టాం, ఇనుప రేకుల మీద బాదాం. అవి కాసేపు అటు పోయినట్టే పోయి మళ్లీ తిండి దగ్గరికి వచ్చేవి. నేను గడియారం మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం. నాలుగున్నర అయింది. ఇంజనీరు గారు ఇక మర్యాద పక్కన పెట్టారు.

"చీకటి పడితే ఆ మందు కాళ్లలోనే ఉండిపోతుంది. రాత్రి అలకి ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదండీ? మీదా, డాల్ఫిన్లదా?"

 క్లియర్ అంటే నా కళ్ల ముందు పది ప్రాణాలు పోతాయి. అనకపోతే మందు నింపిన ఇనుప కాళ్లు రాత్రంతా బోట్ల మధ్య ఉంటాయి. నాలుగు పేజీలూ తిరగేశాను. ఇలాంటిది జరుగుతుందని ఆ రాసినవాడికి కలలో కూడా వచ్చి ఉండదు.

పెద్దాయన మెల్లగా అన్నాడు. "సేపలు తీసీండి బాబూ. తిండి నేకపోతే అవీ ఎల్లిపోతాయి."

"వందల చేపలు! ఎవరు తీస్తారు?"

ఆయన అర మైలు అవతల నిలబడి తిడుతున్న బోట్ల వైపు గడ్డం ఎత్తాడు. "ఆలొచ్చింది అందికేగా. రమ్మనండి. పావుగంటలో బేగి ఏరీసుకుని పోతారు. అవి కూడా బోట్ల ఎనకాలే పోతాయి."

మందు దించిన కట్టడం కిందికి మనుషుల్ని రప్పించడం! ఇంజనీరు గారు గట్టిగా కేకేశారు. ఆయన తప్పు కూడా కాదు, ఎవరైనా అలాగే కేకేస్తారు. నేను పేల్చే బావ వైపు చూశాను. అతను వేళాకోళం మానేసి నా మొహంలోకి చూశాడు.

"తీగ ఊడదీసెత్తాను బావా. పేల్చే పెట్టి తాళం నా మెడలో ఉంటాది. తీగ నేకండా అది పేలదు. నా మాటగా రాసుకో. గాని రమ్మన్నది నువ్వని కూడా రాసుకో."

రాశాను. కింద సంతకం కూడా పెట్టాను. తీగ ఊడదీసి చూపించాడు. టగ్గు మైకులో పెద్దాయనే పిలిచాడు. బోట్లు ఒక్కొక్కటే లోపలికొస్తుంటే నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. పద్నాలుగు. ఆ పావుగంటా నేను దేవుణ్ణి తల్చుకోలేదు, పద్నాలుగునే తల్చుకున్నాను. వాళ్లు చేతివలలతో తోడుకుంటూ, నవ్వుకుంటూ, ఒకళ్ల చేప ఒకళ్లు లాక్కుంటూ నీళ్లు శుభ్రం చేసేశారు. బోట్లు వెనక్కి తిరిగాయి. పద్నాలుగూ దాటాయి. పెద్దాయన చెప్పినట్టే డాల్ఫిన్లు వాటి వెనకాల, జారిపడే చేపల కోసం ఎగురుతూ వెళ్లిపోయాయి.

మళ్లీ అరగంట. ఈసారి పెద్దాయన కూడా బీడీ ముట్టించలేదు. తీగ కలిపారు. పొద్దు కొండల మీదికి వాలింది, ఇంకా వెలుతురుంది. నీళ్ల మీద ఏమీ లేదు. పెద్దాయన కాళ్ల కిందే చూస్తూ, "అడుగున పడుకున్నదుంటే తెల్దు బాబూ. తాబేలు ఒకోపాలి చానాసేపు పైకి రాదు" అన్నాడు. కాగితం అరగంట అంది. ఆయన చానాసేపు అన్నాడు. ఎంతసేపని అడిగితే ఆయనకీ తెలియదు. వెలుతురు పోతోంది. నేను "క్లియర్" అన్నాను.

నేను ఊహించుకున్నట్టు ఏమీ లేదు. పాదాల కింద టగ్గు ఒక్కసారి అదిరింది. కాళ్ల చుట్టూ నీళ్లు తెల్లగా ఉబ్బాయి. కాళ్లు తెగిన ఇనుప కట్టడం ఒక పక్కకి ఒరిగి, అలాగే నిలబడిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. పేల్చే బావ నన్ను కావలించుకున్నాడు. నాకు కళ్ల నీళ్లొచ్చాయి, చెప్పడానికి సిగ్గులేదు. పదిహేనేళ్లు చచ్చిన చేపల లెక్కలు రాసినవాణ్ణి, పది డాల్ఫిన్లని బతికించాను. ఇక్కడితో ఆపేస్తే ఇది బాగానే ఉంటుంది. రిటైర్మెంట్ సభలో ఇక్కడితోనే ఆపేశాను.

పెద్దాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన చూస్తున్న వైపు చూశాను. కాళ్లకి ఇవతల నీళ్ల మీద గుండ్రంగా ఏదో తేలుతోంది. ఈసారి కొబ్బరికాయ కాదు.

టగ్గు దాని పక్కకి తెచ్చి, నలుగురు పట్టి డెక్కు మీదికి లాగారు. పెద్ద తాబేలు. వీపు మీద ఎక్కడా దెబ్బ లేదు. మెడ వేలాడుతోంది, కాళ్లు వాలిపోయాయి. పెద్దాయన ఎవర్నీ అడక్కుండా టగ్గు పక్కన వేలాడే పాత టైరు ఒకటి తెచ్చాడు. తాబేలు నడుం భాగాన్ని దాని మీదికెత్తి, తల కిందికి వచ్చేలా పెట్టాడు. గోనెసంచి తడిపి వీపు మీద కప్పాడు. తర్వాత చేతులు జోడించి దండం పెట్టుకున్నాడు.

"కూర్మనాథుడు బాబూ," అన్నాడు. "ఇలా పడుకోబెట్టీసి ఉంచుదుం. తెల్లారేక పసుపెట్టి దింపీద్దుం."

ఆ పల్లెల్లో వాళ్లు తాబేలుని దేవుడంటారని నాకు తెలుసు. వలలో పడితే పసుపూ కుంకుమా పెట్టి వదులుతారు. నాకు కనపడింది ఆ జోడించిన చేతులు. టైరు కనపడింది, తడి గోనె కనపడింది, కానీ అదంతా పూజలో భాగమనుకున్నాను. దేవుడికి పడక వేస్తున్నాడనుకున్నాను.

ఇంజనీరు గారు చివరి పేజీ తెచ్చారు. ఆయన నన్ను బలవంతపెట్టలేదు, ఆ పాపం ఆయన మీదికి నెట్టను. "ఇక్కడే సంతకం అయిపోతే బార్జి వాళ్లకి కబురు పంపుతానండీ" అన్నారు, అంతే. రెండు గడులు. ప్రాణంతో వదిలినవి, చనిపోయినవి. మూడోది లేదు.

"ఇది బతికుందా, పోయిందా?" అని అడిగాను.

పేల్చే బావ వంగి చూసి, "పోయినట్టే ఉంది బావా" అన్నాడు. నేను దాని కంటి పక్కన వేలితో తాకాను. రెప్ప కదిలినట్టనిపించింది. మళ్లీ తాకితే కదల్లేదు. పెద్దాయన్ని అడిగితే, "ఇప్పుడేటి తెల్దు బాబూ. తెల్లారితే తెలుస్తాది" అన్నాడు.

ఇక్కడ నా బుద్ధి ఎలా పనిచేసిందో దాచకుండా రాస్తాను. తెల్లారేదాకా ఉంచితే, అది మా డెక్కు మీదే చచ్చిపోతే, రెండో గడిలో ఒకటి వేయాలి. అప్పుడు నేను క్లియర్ అన్నది తప్పు. ఎందుకు తప్పయిందని అడుగుతారు. మందు దించిన చోటికి పద్నాలుగు బోట్లని ఎందుకు రప్పించావని కూడా అడుగుతారు. ఇప్పుడే నీళ్లలోకి వదిలేస్తే మొదటి గడి. రెప్ప కదిలింది కదా, అబద్ధం కాదు. పైగా సముద్రం జంతువు సముద్రంలో ఉంటేనే మంచిది అనిపించింది. బోట్లని పిలిచినప్పుడు ఉన్న ధైర్యం ఎటు పోయిందో తెలియదు. అంతా ఆ ఒక్క సంతకంలోనే అయిపోయిందేమో.

"పూజలవీ సర్కారు పన్లో కుదరవు పెద్దాయనా," అన్నాను. "దింపేద్దాం."

ఆయన నా వైపు చూశాడు. "ఉంచుదుం బాబూ. ఒక్క రాత్రి," అన్నాడు ఇంకోసారి. నేను తల అడ్డంగా ఊపాను. ఆయనే గోనె తీసి మడత పెట్టాడు. నలుగురు కలిసి పక్కనుంచి జార్చారు. తాబేలు ఒక పక్కకి వాలి, నీలంలో కాసేపు కనపడి, మెల్లగా కిందికి పోయింది. ముందరి కాలు ఒకటి కదిలిందని నేనన్నాను. అల వల్ల కదిలిందన్నాడు పేల్చే బావ. "ప్రాణంతో వదిలినవి" గడిలో ఒకటి వేసి సంతకం పెట్టాను. తిరుగు ప్రయాణంలో పెద్దాయన టగ్గు వెనక ఒంటరిగా కూర్చున్నాడు. హార్బర్లో దిగి, కూలి తీసుకుని, చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఆఫీసులో నాకు మెచ్చుకోలు ఉత్తరం ఇచ్చారు. తెలివైన మూడో ఆయన కూడా షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ తర్వాత ఏళ్లలో నన్ను బాధపెట్టింది ఒక్కటే. నేను రాసింది నిజమేనా? అప్పటికే చచ్చిపోయినదాన్ని బతికుందని రాశానా? ఒక్కో రోజు రెప్ప కదిలిందనుకునేవాణ్ణి. ఒక్కో రోజు నా వేలే వణికి అలా అనిపించిందనుకునేవాణ్ణి.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. తాబేళ్లని కాపాడే కుర్రకారు ద్వారకా నగర్‌లో ఒక మేడ మీద హాల్లో సమావేశం పెట్టి, మా ఆఫీసు నుంచి ఒకర్ని పంపమన్నారు. మళ్లీ నన్నే పంపారు. సముద్రం మీద చదువుకున్న ఒక అమ్మాయి గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తోంది. నేను వెనక వరసలో టీ తాగుతూ సగం విన్నాను. ఇంతలో ఒక బొమ్మ వచ్చింది. పడవ డెక్కు మీద తాబేలు. నడుం భాగం ఎత్తుగా టైరు మీద, తల కిందికి. వీపు మీద తడి గుడ్డ.

"వలలో ఊపిరాడక గానీ, దెబ్బ తగిలి గానీ స్పృహ తప్పిన తాబేలు చచ్చిపోయినట్టే ఉంటుంది," అంటోంది ఆ అమ్మాయి. "కంగారుపడి వదిలేయకండి. ఇలా పెట్టి, తడి గుడ్డ కప్పి, అవసరమైతే ఒక రోజంతా చూడండి. ఊపిరితిత్తుల్లో నీళ్లుంటే బయటికొస్తాయి. చాలా వరకు లేస్తాయి."

నేను లేచి నిలబడ్డాను.  "అమ్మా, అలా ఉన్నప్పుడే నీళ్లలోకి దింపేస్తే?"

"అది పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేదు కదండీ, సార్," అంది. "మునిగి చచ్చిపోతుంది."

టీ గ్లాసు కింద పెట్టి బయటికొచ్చేశాను.

మర్నాడు ఆదివారం. పెద్దాయన పల్లెకి వెళ్లాను. గుర్తుపట్టాడు. ముసలివాడైపోయాడు, ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. చాప వేయించాడు. నేను ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పాను. ఆయన వల మీంచి తల ఎత్తకుండా విన్నాడు.

"మా అయ్య అలాగే సేసేవోడు బాబూ. నానూ అలాగే సేసేను. ఎందుకు లేత్తాదో నాకేటి తెల్సు? లేత్తాదని తెల్సు."

"నేను పూజ అనుకున్నాను పెద్దాయనా."

"దండం పెట్టేను కదా, అనుకుంటారు మరి."

"ఆ మాటే గట్టిగా ఎందుకు చెప్పలేదు? లేస్తుందని ఎందుకు అనలేదు?"

ఆయన చేతిలో పని ఆపి నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

"రెండు పాలి సెప్పేను బాబూ. ఎందుకని మీరు అడిగేరా?"

అడగలేదు. అంతకు గంటన్నర ముందు అదే మనిషి మాట మీద పద్నాలుగు బోట్లని మందు పక్కకి రప్పించాను. ఒక్క రాత్రి ఆగమంటే మాత్రం ఎందుకని అడగలేదు. ఆయన కొడుకూ కోడలూ బలవంతపెడితే చేపల పులుసుతో అన్నం తిన్నాను. బయల్దేరుతుంటే పెద్దాయన బస్సు దాకా వచ్చి, "బతికే ఉంటాది లెండి బాబూ, సల్లనీళ్లకి తెలివొచ్చీసుంటాది" అన్నాడు. నన్ను ఊరడించడానికి ఆయన అబద్ధమాడటం నేను విన్నది అదొక్కసారే.

పిల్లలూ, ఆ కాగితం ఇప్పటికీ మీ ఆఫీసు బీరువాలో ఎక్కడో ఉండి ఉంటుంది. ప్రాణంతో వదిలినవి ఒకటి, కింద నా సంతకం. అందులో అబద్ధం రాశానేమోనని అన్నేళ్లు కుమిలిపోయాను. ఇప్పుడు అది అబద్ధమే అయి ఉంటే, నేను దింపించేసరికే ఆ తాబేలు పోయి ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను.